కార్డు మారితే ఏం పోతుంది?

ఈసారి సంచికలో ‘పాత సంచికల నుంచి’ అని ఒక పేజీ పెడదామనుకున్నాం. మీరు ఎంత స్క్రోల్ చేసినా ఆ పేజీ కనిపించదు. పెట్టలేదు. పెట్టడానికి మా దగ్గర పాత సంచికలు లేవు.

అసలేమీ లేవని కాదు. చివరి రెండేళ్లవి ఉన్నాయి. అంతకుముందువి, ముఖ్యంగా లాక్‌డౌన్ టైంలో సీనియర్లు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని తెచ్చిన మూడు సంచికలు ఎక్కడా దొరకలేదు. దీని మీద నాకు చాలా కోపం ఉంది. కోపంలో రాస్తే నా తెలుగు ఇంకా పాడవుతుందని ఎడిటర్ అక్క అంది (ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, వత్తులు ఇప్పటికీ జారిపోతాయి), అందుకే వారం ఆగి రాస్తున్నా. అయితే ఆ కోపం దేని మీదో నాకు తెలిసింది క్లబ్ మీటింగ్‌లో కాదు, ఒక సర్వర్ రూమ్‌లో. అక్కడ ఒక మెషీన్‌కి కార్డు మార్చడం చూశాను. ముందు ఆ కథ.

మొన్న వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక సంస్థలో మూడు వారాలు ఇంటర్న్‌షిప్ చేశా. ఇంటర్న్‌షిప్ అనగానే ఏదో ఏఐ మోడల్ ట్రైన్ చేశాననుకోకండి. చేతిలో ఎక్సెల్ షీట్ పెట్టి, సర్వర్ రూమ్‌లో ఉన్న ప్రతి పెట్టె సీరియల్ నంబర్ రాసుకుని రమ్మన్నారు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల స్వెటర్. రెండో రోజుకే ఒక మూల ఉన్న బీరువా లాంటి మెషీన్ దగ్గర నా పని ఆగిపోయింది. ముందు అద్దం తలుపు. లోపల రెండు వైపులా అరలు, ప్రతి అరలో అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా, డబ్బా వీపు మీద బార్‌కోడ్. మధ్యలో పట్టాల మీద ఒక రోబో. అది పైకీ కిందకీ తిరిగి, ఒక డబ్బాని లాగి, తీసుకెళ్లి డ్రైవ్‌లో పెట్టి, మళ్లీ వచ్చి నిలబడేది. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ చూసే చిన్నపిల్లలా పది నిమిషాలు చూస్తూ ఉండిపోయా.

“ఇదేంటి సార్?” అంటే “టేప్ లైబ్రరీ” అన్నారు.

టేపా? మన ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్ట్‌లో మాగ్నెటిక్ టేప్ అంటే ఒక పేరా. సీక్వెన్షియల్ యాక్సెస్, స్లో, బ్యాకప్‌కి వాడతారు, అంతే. రెండు మార్కుల ప్రశ్న, అదీ రాదు. నేనైతే టేపులన్నీ మా తాతయ్య ఘంటసాల క్యాసెట్లతో పాటే పోయాయనుకున్నా. పోలేదు. ఎల్‌టీఓ అనే రకం టేపులు 2000లో 100 జీబీతో మొదలై, 2021లో వచ్చిన తొమ్మిదో తరానికి ఒక్క డబ్బాలో 18 టీబీ పట్టే దాకా వచ్చాయి. టేపు అరంగుళం వెడల్పు, 1035 మీటర్ల పొడవు. ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి, వెనక్కి తిరిగి పక్క గీతల్లో రాసుకుంటూ వస్తుంది. అలా డబ్బా నిండేసరికి అటూ ఇటూ కలిపి 280 సార్లు పరుగెత్తాలి. లెక్కేశా. దాదాపు 290 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బయల్దేరితే విజయవాడ దాటేస్తుంది, ఆ చిన్న డబ్బాలోంచి బయటికి రాకుండానే. కణాలను ఢీకొట్టించే సెర్న్ వాళ్లు కూడా తమ ప్రయోగాల డేటాని ఇలాంటి లైబ్రరీల్లోనే దాస్తారు, వందల పెటాబైట్లు. అరలో ఊరికే కూర్చున్న టేపు కరెంటు తినదు, వైరస్‌కి అందదు. ఇంకేం కావాలి?

ఈ రోబోలు రాకముందు ఆ పని మనుషులు చేసేవాళ్లు. పెద్ద పెద్ద కంప్యూటర్ సెంటర్లలో టేపులు తెచ్చి తగిలించే ఆపరేటర్లు ఉండేవాళ్లు. ఏ టేపు ఏ అరలో ఉందో, ఎవరు తీసుకెళ్లారో చూసుకునే టేపు లైబ్రేరియన్ అనే ఉద్యోగం నిజంగానే ఉండేది. 1987లో అమెరికాలో స్టోరేజ్‌టెక్ అనే కంపెనీ దాదాపు ఆరు వేల టేపులు పట్టే, చిన్న గది అంత మెషీన్ తెచ్చింది. మధ్యలో రోబో చెయ్యి. చెయ్యి ఉంటే సరిపోదుగా, దానికి ఎటు వెళ్లాలో చెప్పే బుర్ర కావాలి. ఆ బుర్రే కంట్రోలర్ కార్డు. అంటే లైబ్రేరియన్ కూర్చున్న కుర్చీలో ఒక సర్క్యూట్ బోర్డు వచ్చి కూర్చుంది.

మూడో వారం మంగళవారం పొద్దున ఆ బుర్ర చచ్చిపోయింది.

మేం వెళ్లేసరికి మెషీన్ ముందున్న స్క్రీన్ నల్లగా ఉంది. వెనకాల ఒక నారింజ లైటు. బ్రౌజర్‌లో దాని పేజీ ఓపెన్ కావట్లేదు. రోబో ఒక టేపు చేత్తో పట్టుకుని సగం దారిలో ఆగిపోయింది, స్టాచ్యూ ఆటలో ఫ్రీజ్ అయిన పిల్లాడిలాగ. రాత్రి బ్యాకప్ సగంలో ఫెయిల్. మేనేజర్ గారి మొహం చూస్తే నాకే భయమేసింది. ఆయన మొదటి ప్రశ్న “డేటా పోయిందా?”

మర్నాడు కంపెనీ ఇంజినీర్ వచ్చారు. యాభై దాటి ఉంటాయి, వరంగల్ వైపు మనిషి. చేతిలో పెద్ద అట్టపెట్టె, అందులో వెండి రంగు యాంటీ స్టాటిక్ కవర్లో కొత్త కార్డు. మేనేజర్ గారు మళ్లీ అదే ప్రశ్న అడిగితే “డేటాకేం గాలే సార్, డేటా టేపుల ఉన్నది, గీ కార్డుల లేదు” అన్నారు. నాకు అక్కడ మొదటి ఆశ్చర్యం. ఆ మెషీన్‌లో డేటా ఆ కార్డు గుండా వెళ్లనే వెళ్లదు. సర్వర్ నుంచి డ్రైవ్‌కి వేరే కేబుల్ ఉంటుంది, చదవడం రాయడం అన్నీ అటే. కార్డు పని “37వ అరలో టేపు తీసుకెళ్లి రెండో డ్రైవ్‌లో పెట్టు” అన్న మాట విని రోబోకి చెప్పడం. అంత డేటా చెక్కుచెదరకుండా ఉంది, కానీ తెచ్చిచ్చేవాడు లేడు. తాళం చెవి పోయిన ధాన్యం గది లాగ.

నేను వెంటనే స్క్రూలు విప్పేస్తారేమో అనుకున్నా. గంట సేపు ఆయన మెషీన్ ముట్టుకోలేదు. బ్యాకప్ షెడ్యూల్ ఆపించారు. ఏ కేబుల్ ఏ పోర్టులో ఉందో ప్రతిదానికీ చీటీ అంటించమని నాకే చెప్పారు.

“ఫోటోలు తీసినవా బిడ్డా?”

“తీశా సార్.”

“ఇంకోపారి తియ్యి. తీస్తే పొయ్యేదేం లేదు.”

తర్వాత పవర్ ఆపి, తీగలు పీకేశారు. రోబో చేతిలో ఇరుక్కున్న టేపుని నెమ్మదిగా తీసి, దాని బార్‌కోడ్ కాగితం మీద రాసుకుని, ఒక ఖాళీ అరలో పెట్టారు. మణికట్టుకి పట్టీ కట్టుకుని దాని క్లిప్ మెషీన్ ఇనుప చట్రానికి తగిలించారు, ఒంట్లో ఉన్న స్టాటిక్ కార్డు మీదకి పోకుండా. రెండు స్క్రూలు వేళ్లతోనే తిప్పితే వచ్చేశాయి. కార్డు డ్రాయర్‌లా పట్టాల మీద బయటికి జారింది. చూడ్డానికి ఏముంది, మన ల్యాబ్‌లో పడి ఉండే పాత మదర్‌బోర్డులా ఉంది. దాని మీద ఒక చిన్న మెమరీ కార్డు. ఆయన దాన్ని పీకి, కొత్త బోర్డు మీద పెట్టి, కొత్త బోర్డుని లోపలికి తోశారు. వెనక కనెక్టర్ కూర్చున్న శబ్దం వచ్చేదాకా. స్క్రూలు, కేబుళ్లు, పవర్. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

నేను “అయిపోయిందా సార్?” అన్నా. ఆయన నవ్వారు.

“కొత్త కార్డు పెట్టుడు పెద్ద పని గాదు బిడ్డా. పాత కార్డుకు ఏమేం ఎర్కనో తెలుసుకునుడే పని.”

ఇంటర్న్‌షిప్ రిపోర్టులో రాయడానికి నాకు దొరికిన ఒకే ఒక్క మంచి వాక్యం ఇది. రిపోర్టులో రాయలేదు, హెచ్‌ఓడీ మేడమ్ కొట్టేస్తారని. ఇక్కడ రాస్తున్నా.

పాత కార్డుకి ఏమేం తెలుసు? ఏ టేపు ఏ అరలో ఉందో తెలుసు. కానీ అది పోయినా పర్లేదు. కొత్త కార్డుకి ప్రాణం రాగానే రోబో ఒక్కో వరుస దగ్గరికీ వెళ్లి, ఒక్కో బార్‌కోడ్ చదువుకుంటూ పావుగంటలో మొత్తం మళ్లీ నేర్చేసుకుంది. ప్రతి టేపు తన పేరు తన వీపు మీదే మోస్తోంది కాబట్టి అది కుదిరింది. ఆ టేపుల్లో ఏ ఫైళ్లు ఉన్నాయో కార్డుకి ఎప్పుడూ తెలియదు, ఆ పట్టిక బ్యాకప్ సర్వర్‌లో ఉంటుంది. మిగిలింది సెట్టింగులు. నెట్‌వర్క్ అడ్రస్, ఏ డ్రైవ్ ఎవరికి, అన్నిటికన్నా ముఖ్యంగా మెషీన్ గుర్తింపు నంబర్. సర్వర్ ఆ మెషీన్‌ని గుర్తుపట్టేది దాన్ని బట్టే. కొత్త కార్డు తన సొంత కొత్త పేరుతో లేచిందనుకోండి, సర్వర్ “నువ్వెవరు?” అంటుంది. అందుకే ఆ మెషీన్ తయారుచేసినవాళ్లు ఆ జ్ఞాపకాన్ని బోర్డులో కలిపేయకుండా, వేలెడంత మెమరీ కార్డులో విడిగా పెట్టారు. బోర్డు పోతే దాన్ని పీకి ఇంకో బోర్డులో పెట్టుకోవచ్చు. ఇంకొన్ని మోడళ్లలో మెషీన్ చట్రంలోనే ఒక చిప్ ఉంటుందట, కొత్త బోర్డు వచ్చి అందులో చూసి “ఓహో, నేను ఫలానా” అనుకుంటుంది. ఎలా చేసినా ఆలోచన ఒకటే. బోర్డు ఏదో ఒక రోజు చస్తుందని మొదటి రోజే ఒప్పేసుకున్నారు. చచ్చినప్పుడు దానితో పాటు ఏం పోకూడదో ముందే తేల్చుకున్నారు.

గడియారం మాత్రం మారింది. కొత్త బోర్డు మీద తేదీ 1970 జనవరి 1. సీఎస్‌ఈ వాళ్లకి ఈ జోకు అర్థమవుతుంది, మిగతా బ్రాంచీలవాళ్లు పక్కన కూర్చున్న సీఎస్‌ఈ వాళ్లని అడగండి.

ఆ తేదీ సరిచేయడానికి, కొత్త బోర్డు ఫర్మ్‌వేర్ పాత వెర్షనేనా అని చూడ్డానికి మెషీన్ పేజీలో అడ్మిన్‌గా లాగిన్ కావాలి. పాస్‌వర్డ్?

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాస్‌వర్డ్ తెలిసిన ఆయన అంతకుముందు ఏడాదే ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గంటన్నర తర్వాత తిరిగి చేశారు, వెనక ట్రాఫిక్ హారన్లు. రెండు మూడు ట్రై చేయమన్నారు, మూడోది పనిచేసింది. వాళ్ల పాప పేరు, పక్కన ఆమె పుట్టిన సంవత్సరం. మెషీన్ బోర్డు మార్చడానికి ఇరవై నిమిషాలు. మనిషి బుర్రలోంచి ఒక్క పదం తేవడానికి రెండు గంటలు. ఆ పాపకి ఇంకో పేరు పెట్టి ఉంటే మేం ఇంకా అక్కడే కూర్చుని ఉండేవాళ్లమేమో!

అన్నీ పచ్చ లైట్లు వచ్చాక కూడా ఆ ఇంజినీర్ సంతకం పెట్టలేదు. “ఒక్క ఫైల్ ఎనక్కి తెచ్చి సూపియ్యుండ్రి, అప్పుడు పోత” అన్నారు. నిరుడు బ్యాకప్ అయిన ఏదో ఒక ఫైలు అడిగారు. రోబో కదిలింది, టేపు తెచ్చింది, డ్రైవ్ తిరిగింది, ఫైలు స్క్రీన్ మీద తెరుచుకుంది. క్యాంటీన్ బిల్లుల ఎక్సెల్ షీట్ అది. మేనేజర్ గారు దాన్ని చూసి అంత ఆనందపడటం నేను అదే చూడటం. తర్వాత ఆయన మెషీన్ తలుపు లోపలి వైపు ఒక చిన్న కాగితం అంటించారు. తేదీ, పాత బోర్డు నంబర్, కొత్త బోర్డు నంబర్, ఏం చేశారో రెండు లైన్లు. అక్కడ అప్పటికే ఇంకో రెండు కాగితాలున్నాయి, వేరే వేరే చేతిరాతలు. “మెయిల్ పెట్టొచ్చుగా సార్” అన్నా. “మెయిల్ ఎవలు సూస్తరు? మెషీన్ దగ్గరికొచ్చినోనికి మెషీన్ మీదనే కనవడాలె.”

ఇప్పుడు మన క్లబ్.

మన క్లబ్‌కి ప్రతి ఏడాదీ కొత్త బోర్డు వస్తుంది. ప్రెసిడెంట్, ఎడిటర్, డిజైన్ చూసేవాళ్లు. జూలైలో వస్తారు, మే నెలలో పాసౌట్ అయిపోతారు. అది తప్పు కాదు, కాలేజీ అంటేనే అది. తప్పేంటంటే మన మెమరీ మొత్తం ఆ బోర్డు మీదే ఉంది. లాక్‌డౌన్ సంచికల ఫైళ్లన్నీ అప్పటి ఎడిటర్ అన్న కాలేజీ మెయిల్ డ్రైవ్‌లో ఉండేవి. ఆయన ఎవరికీ ద్రోహం చేయలేదు, ఉచితంగా వచ్చిన చోట పెట్టుకున్నాడు. కొన్నాళ్లకి స్టోరేజ్ సరిపోవట్లేదని కాలేజీ పాసౌట్ల అకౌంట్లు తీసేసింది. ముందే మెయిల్ పెట్టారట, ఆ మెయిల్ ఏ అకౌంట్‌కి వచ్చిందో ఊహించండి. ఎవరూ కావాలని ఏదీ చెరపలేదు. మా ఇన్‌స్టా పేజీలో ఆ లింకులు ఇప్పటికీ ఉన్నాయి, నొక్కితే ఫైల్ లేదని వస్తుంది.

ఆ మూడింటిలో 2021 సంచికలో ఒక సీనియర్ అక్క వాళ్ల తాతయ్య గురించి రాసింది. ఆయన చేనేత పనివాడు. సెకండ్ వేవ్‌లో పోయారు. ఆఖరి నెలలో ఆయన మగ్గం గురించి చెప్పిన మాటలన్నీ, నేతలో ఒక్కో పనికీ ఉండే పేర్లతో సహా, ఆమె ఆ వ్యాసంలో పెట్టిందని చదివినవాళ్లు చెప్పారు. మా పేజీ కోసం నేనే ఆ అక్కకి ఫోన్ చేశా, మీ దగ్గర కాపీ ఉందా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “డైరెక్ట్‌గా షేర్డ్ డాక్‌లోనే టైప్ చేశానే. మీ దగ్గర ఉంటుంది కదా అనుకున్నా” అంది. ఆ ‘మీ దగ్గర’ అన్న మాట నాకు గుచ్చుకుంది. ఆ అక్క దృష్టిలో క్లబ్ అంటే ఒక చోటు. నిజానికి ఆ చోటే లేదు.

ఇది చెప్తే నా రూమ్మేట్ “అన్నీ క్లౌడ్‌లో పెడితే పోలా” అంది. అవి పోయింది కూడా క్లౌడ్‌లోంచే కదా! పైగా 2011 ఫిబ్రవరి చివర్లో జీమెయిల్‌కే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో బగ్ వచ్చి కొంతమంది ఇన్‌బాక్స్‌లు ఖాళీ అయిపోయాయి. మొత్తం యూజర్లలో 0.02 శాతం మంది. గూగుల్ దగ్గర ఒకటి కన్నా ఎక్కువ డేటా సెంటర్లలో కాపీలున్నాయి, బగ్ వాటినీ ముట్టుకుంది. చివరికి ఆ మెయిళ్లు ఎక్కడి నుంచి తిరిగి వచ్చాయో తెలుసా? టేపుల నుంచి. టేపు ఆఫ్‌లైన్‌లో ఉంటుంది కాబట్టి బగ్ చెయ్యి అక్కడిదాకా చాచలేకపోయింది. క్లౌడ్ అంటే గాల్లో ఉంటుందని మనకి ఎవరు చెప్పారో గానీ, ఎక్కడో ఒక రూమ్‌లో, ఒక బీరువాలో, ఎవరో ఒకరు మణికట్టుకి పట్టీ కట్టుకుని మార్చే కార్డు మీద ఉంటుంది.

అలాగని టేపు ఉంటే చాలనీ కాదు. నాసా వాళ్లు 1969లో చంద్రుడి మీద దిగినప్పుడు వచ్చిన అసలు సిగ్నల్‌ని టేపుల మీద రికార్డు చేసుకున్నారు. మనం టీవీల్లో చూసినదానికన్నా మంచి క్వాలిటీ. తర్వాత వాటి కోసం ఏళ్ల తరబడి వెతికి, అవి చెరిపేసి మళ్లీ వాడిన టేపుల్లో కలిసిపోయి ఉంటాయని 2009లో తేల్చారు. టేపులు పాడై కాదు. టేపుల కొరత వచ్చినప్పుడు, ఆ డబ్బాలో ఏముందో తెలిసి “ఇది ముట్టుకోవద్దు” అనే మనిషి ఆ టైంకి అక్కడ లేక. టీవీ స్టేషన్ల దగ్గర మిగిలిన కాపీలతో సరిపెట్టుకున్నారు. చంద్రుడి మీదకి వెళ్లినవాళ్ల సంగతే ఇదైతే మన క్లబ్ ఎంత అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయా. కానీ కుదర్లేదు. నాసాకి వేరే కాపీలున్నాయి, ఆ అక్కకి లేవు.

నా వాదనకి ఒక ఎదురువాదన ఉంది, అది నన్ను నిజంగానే ఇబ్బంది పెడుతోంది. మనుషుల్ని కార్డుల్లా చూస్తున్నావా, పీకేసి ఇంకొకటి పెట్టేలా, అని మా నాన్న అడిగారు. నాన్న ఒక ఆఫీసులో ఇరవై ఏళ్లుగా క్లర్కు. ఆయన సెలవు పెడితే రోజుకి పది ఫోన్లు వస్తాయి, ఏ ఫైలు ఎక్కడుందని. మొన్న తిరుపతి క్యూలో కూడా వచ్చింది. ఆ ఫోన్లని ఆయన విసుక్కుంటారు గానీ లోపల ఎక్కడో కొంచెం గర్వం. అంతా రాసి పెట్టేస్తే ఇక నా అవసరమేంటి అన్నది ఆయన పైకి అనని ప్రశ్న. కంపెనీలు ఇలాగే చేస్తాయి, నీకు తెలిసిందంతా డాక్యుమెంట్ చేయించుకుని నిన్ను పంపేస్తాయి అని ఇంటర్న్‌షిప్‌లో ఒక అన్న కూడా అన్నాడు. ఇది అబద్ధం అని నేను అనలేను.

కానీ ఆ వరంగల్ ఇంజినీర్ని గుర్తుచేసుకుంటే నాకు వేరేలా అనిపిస్తుంది. ఆయన తనకి తెలిసింది ఏదీ దాచలేదు. ప్రతి ఫోటో నాతోనే తీయించారు, ప్రతి స్క్రూ ఎందుకో చెప్పారు, తలుపు మీద కాగితం అంటించారు. అయినా రేపు ఆ మెషీన్ మళ్లీ ఆగితే వాళ్లు ఆయన్నే పిలుస్తారు. ఏ ఫైల్ అడగాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు నవ్వాలో ఆ కాగితంలో లేదు. పాస్‌వర్డ్ బుర్రలో పెట్టుకోవడం వల్ల బెంగళూరు ఆయనకి వచ్చిన గౌరవమేమీ లేదు, ట్రాఫిక్‌లో విసుగొచ్చింది అంతే. రాసి పెట్టగలిగినవి రాసి పెట్టేస్తే నాన్నకి తిరుపతిలో దర్శనమైనా ప్రశాంతంగా అవుతుంది కదా. మిగిలేదే అసలు నాన్న. ఆయన దీనికి ఒప్పుకోలేదు, “నీకు ఉద్యోగం వచ్చాక మాట్లాడదాం” అన్నారు.

సరే, క్లబ్‌కి ఏం చేయాలి? టేప్ డ్రైవ్ కొనమని అడగట్లేదు, దాని రేటు లక్షల్లో ఉంది, మన ఫెస్ట్ బడ్జెట్‌కి అది కల. రెండు హార్డ్ డిస్కులు చాలు. ఒకటి డిపార్ట్‌మెంట్‌లో, ఇంకొకటి కాలేజీ లైబ్రరీలో. లైబ్రేరియన్ మేడమ్‌తో ఇప్పటికే మాట్లాడా. పుస్తకాలకి వేసినట్టే మన ప్రతి సంచికకీ యాక్సెషన్ నంబర్ వేసి రిజిస్టర్‌లో రాస్తానన్నారు, పైగా “ఇన్నేళ్లూ మీ క్లబ్‌వాళ్లు ఒక్కరూ రాలేదేంటమ్మా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ప్రతి సంచికా ఒక్క కాపీ ప్రింట్ తీసి బైండ్ చేయించి అక్కడే పెట్టాలి. ఫైళ్లు ఒక మనిషి మెయిల్‌లో కాదు, క్లబ్ పేరున ఉన్న అకౌంట్‌లో ఉండాలి, దాని పాస్‌వర్డ్ కవర్లో సీల్ చేసి ఫ్యాకల్టీ సార్ దగ్గర. ప్రతి ఫైల్ పేరులోనే సంవత్సరం, నెల, సంచిక నంబర్ ఉండాలి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని పెట్టే అలవాటు మానాలి (డిజైన్ టీమ్, మిమ్మల్నే).

ఇంకా ఒకటి, దీని మీద మాత్రం నేను పట్టుబడతా. జూలైలో కొత్త టీమ్ వచ్చిన రోజు, ఇన్‌స్టాలో కొత్త పోస్టర్ వేయడానికి ముందే, పాత టీమ్ ఎదురుగా కూర్చుని ఆ హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక పాత సంచిక తెరిచి చూపించాలి. కొత్తవాళ్లు ఏది అడిగితే అది. తెరుచుకుంటేనే పాత టీమ్‌కి సర్టిఫికెట్లు. ఇది క్లబ్ మీటింగ్‌లో పెడితే థర్డ్ ఇయర్ వాళ్లు నవ్వారు, మరీ అంతెందుకు అన్నారు. నవ్వనివ్వండి, వచ్చే మీటింగ్‌లో మళ్లీ పెడతా.

ఈ వ్యాసం ఎడిటర్ అక్కకి పంపే ముందు రోజు రాత్రి ఒక పాసౌట్ అన్న ఖమ్మం నుంచి మెసేజ్ పెట్టాడు. వాళ్ల తమ్ముడు వాడి పడేసిన ఫోన్ మెమరీ కార్డులో 2021 సంచిక స్క్రీన్‌షాట్లు దొరికాయట. అర్ధరాత్రి దాటాక అన్నీ పంపాడు. కవర్ ఉంది, సంపాదకీయం ఉంది, విషయసూచిక ఉంది. లెక్కపెట్టాం, మొత్తం పద్నాలుగు పేజీలు. విషయసూచికలో అక్క వ్యాసం 19వ పేజీ అని ఉంది. సీనియర్లూ, మీ పాత ఫోన్లలో, మూసేసిన వాట్సాప్ గ్రూపుల్లో, ఇంట్లో అల్మారాలో పడి ఉన్న పెన్‌డ్రైవ్‌ల్లో ఒకసారి చూడండి. దొరికితే ఎడిటర్ అక్కకి కాదు, లైబ్రరీకి పంపండి.